పద్దెనిమిదో కాగితం

కాగితాలు లెక్కపెట్టడం నాకు నేర్పింది మా మావగారే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఆయనకి అన్యాయం చేశానని ఎవరూ అనకూడదు. పెళ్ళయిన మూడో నెలలో నన్ను ఇంటి వెనకున్న కార్ఖానాలోకి పిలిచి, ఒక రీము విప్పి నా ముందు పడేసి, "చూడమ్మాయ్, దస్తాకి ఇరవైనాలుగు కాగితాలు. ఇరవైమూడు పడితే కొన్నవాడు తిడతాడు, ఇరవైఐదు పడితే నేను తిడతాను" అన్నారు. కాగితాల అంచుని విసనకర్రలా విప్పి, బొటనవేలితో నాలుగేసి చొప్పున జారవిడుస్తూ ఎలా లెక్కపెట్టాలో చూపించారు. మొదటి వారం రోజూ తప్పేదాన్ని. ఏడాది తిరిగేసరికి కళ్ళు మూసుకుని లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడు నాకు నలభై రెండేళ్ళు. పొయ్యి మీద కూర పెట్టి వచ్చినా, హాస్టల్లో ఉన్న మా అమ్మాయితో ఫోన్లో మాట్లాడుతున్నా నా బొటనవేలు తన పని తను చేసుకుపోతుంది. గొప్ప చెప్పుకుంటున్నానా? అవును, చెప్పుకుంటున్నాను. పదహారేళ్ళలో నా చేతి మీదుగా వెళ్ళిన నోటుపుస్తకాల్లో ఒక్క కాగితం తక్కువైందని ఏ బడీ ఫిర్యాదు చెయ్యలేదు.

మాది నోటుపుస్తకాలు కుట్టే కార్ఖానా. మగవాళ్ళు ముగ్గురు, మావగారూ, బావగారూ, మా ఆయనా. వాళ్ళు ముందుగదిలో కూర్చుని వ్యాపారం చేస్తారు. వెనక షెడ్డులో నేనూ మా తోడికోడలూ, ఇంకా అయిదుగురు పనమ్మాయిలూ. గీతలు కొట్టిన కాగితాలు లెక్కపెట్టి, మడిచి, కుడతాను నేను. జిగురు పూసి అట్టలేస్తుంది మా తోడికోడలు, అక్క అంటాను ఆవిణ్ణి. పొద్దున్న వంటా, మధ్యాహ్నం వడ్డనా, సాయంత్రం గిన్నెలూ మా ఇద్దరివే అనుకోండి, దాన్ని ఎవరూ పని అనరు. తమాషా ఏమిటంటే షెడ్డులో చేసేదాన్ని కూడా ఎవరూ పని అనలేదు. పనమ్మాయిలకి వారం వారం కూలి ఇస్తారు కాబట్టి వాళ్ళది పని. మాది "కాస్త చెయ్యి వెయ్యడం". పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే మా ఆయన నన్ను చూపించి, "ఖాళీగా ఉండలేదు, మాకు కాస్త చెయ్యి వేస్తూ ఉంటుంది" అంటాడు. పొద్దున్న ఎనిమిది నించి సాయంత్రం ఆరు దాకా వేసే చెయ్యి అది.

మావగారికి వ్యాపారంలో రెండు సూత్రాలున్నాయి. మొదటిది, వచ్చిన ఏ కాగితాన్నీ వచ్చిన రోజు తెరవకూడదు. బిల్లు కానీ, ఉత్తరం కానీ, సంతకం పెట్టి తీసుకుని బల్ల సొరుగులో పడేస్తారు. మూడు రోజులు నిద్రపోనివ్వాలట. "సగం గొడవలు నిద్రలోనే పోతాయి" అంటారు. రెండోది, బాకీ ఎప్పుడూ గడువు ఆఖరి రోజునే కట్టాలి. "పదిహేను రోజుల గడువుంటే పద్నాలుగో రోజున కట్టేవాడు దద్దమ్మ, పదహారో రోజున కట్టేవాడు దివాలాకోరు" అని కొడుకులకి నూరిపోశారు. కాగితాల షావుకారు ఆయనకి ఆఖరిరోజుగారు అని పేరు పెట్టాడు. వెక్కిరించడానికే పెట్టాడు, మావగారు మాత్రం దాన్ని బిరుదులాగా పుచ్చుకున్నారు.

ఈ రెండూ కాక ఇంట్లో ఒక ఆచారం ఉంది. కార్ఖానా పెట్టిన రోజుని మావగారు ఏటా పండగలా చేస్తారు. బంధువులు, షావుకార్లు, బడి పంతుళ్ళు ముప్పై నలభై మంది వస్తారు. అందరి ముందూ కోడళ్ళిద్దర్నీ పిలిచి చెరో చెక్కు చేతిలో పెడతారు. "నా ఇంట్లో ఆడపిల్లల కష్టం ఊరికే పోదు" అంటారు. అందరూ చప్పట్లు కొడతారు. ఫొటో తీస్తారు. ముందుగది గోడ మీద అలాంటి ఫొటోలు పదహారున్నాయి. మొదటి రెండు మూడింట్లో నా మొహం వెలిగిపోతూ ఉంటుంది. తర్వాత్తర్వాత ఫొటోల్లో నేను ఎటో చూస్తూ ఉంటాను, బహుశా వంటింట్లో పాలు పొంగుతున్నాయేమోనని.

మొదటి ఏడాది ఆ చెక్కు పట్టుకుని, "ఏవండీ, దీన్ని ఎప్పుడు వేద్దాం" అని అడిగాను. పెళ్ళికి ముందు ట్యూషన్లు చెప్పుకునేదాన్ని, నా పేర ఖాతా ఉంది. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిచ్చిదానా, అది వేసుకునే చెక్కు కాదు, దాచుకునే చెక్కు" అని నా చేతిలోంచి తీసుకుని బీరువాలో పెట్టాడు. ఆ చెక్కులు రాసే ఖాతా వేరే ఉందని, అందులో ఖాతా మూతపడకుండా ఉండటానికి సరిపడా తప్ప పైసా ఉండదని తర్వాత తెలిసింది. చెక్కుకి మూడు నెలలే ఆయుష్షు కాబట్టి ఏటా ఒకటి చచ్చిపోయేది, ఇంకోటి పుట్టేది. బీరువా తాళాలు మాత్రం నా దగ్గరే ఉండేవి. ఇంటి ఇల్లాలిని కదా.

ఈ ఏడు నా కుడిచెయ్యి మొండికేసింది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు తిమ్మిరెక్కి పొద్దున్న లేచేసరికి నావి కానట్టు ఉండేవి. టీకప్పు జారిపోయేది. కుట్టుసూది ఎక్కడ పట్టుకున్నానో తెలిసేది కాదు. డాక్టరమ్మ మణికట్టు నొక్కి చూసి, "ఏం పని చేస్తారు" అని అడిగింది. అలవాటుగా "ఇంట్లోనే ఉంటానండీ" అన్నాను. ఆవిడ నా బొటనవేలి మీది కాయ చూసి, "ఇంట్లో ఉంటే ఇది రాదు" అంది. నరం నొక్కుకుపోయిందట, చిన్న ఆపరేషన్ చెయ్యాలట, ఆలస్యం చేస్తే వేళ్ళ పట్టు శాశ్వతంగా పోతుందట. రెండు నెలల్లో చేయించుకోమంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పాను. మా ఆయన మావగారి వైపు చూశాడు. మావగారు మజ్జిగ తాగి, "నీడపట్టున కూర్చుని చేసే పనికి చెయ్యి నొప్పేమిటమ్మాయ్? మీ అత్తగారు పదిమందికి పిండి రుబ్బేది" అన్నారు. బావగారు, "ఈ సీజన్ గడవనీ, బడులు తెరిచాక చూద్దాం" అన్నారు. మా ఆయన చెడ్డమనిషి కాడు. ఆ మాట పదహారేళ్ళుగా అందరికీ చెప్పీ చెప్పీ నాకే అనుమానం వచ్చింది. గదిలోకి వచ్చాక, "నాన్న కాదన్లేదు కదే, తర్వాత అన్నారు" అన్నాడు. నా చెయ్యి ఆయన చేతిలో పెట్టాను. నొక్కాడు పాపం. నాకు తెలియలేదు. నొక్కుతున్నట్టే తెలియలేదు. అప్పుడు భయమేసింది నాకు. ఈ చెయ్యి పోతే నా దగ్గర నాదంటూ ఇంకేం ఉంటుంది?

మర్నాడు బీరువా తీశాను. అప్పటికి చెక్కు ఇచ్చి మూడు వారాలైంది. ఆపరేషన్‌కి కావలసినదానికి రెండింతలు రాసి ఉంది దాని మీద, నా పేరు, మావగారి సంతకం. బ్యాంకుకి తీసుకెళ్ళి వేశాను. దొంగతనం చేసినట్టు గుండె కొట్టుకుంది, మళ్ళీ నాకే నవ్వొచ్చింది, నా పేరున్న కాగితాన్ని నా ఖాతాలో వేసుకోవడానికి ఇంత గుండెదడేమిటని. రెండు రోజులకి అది తిరిగొచ్చింది. ఖాతాలో తగినంత సొమ్ము లేదు అని ఒక చీటీ దానికి తగిలించి ఇచ్చింది గుమాస్తా అమ్మాయి. "ఎవరిచ్చారండీ మీకిది" అని జాలిగా అడిగింది. మా మావగారని చెప్పడానికి సిగ్గేసి, "నేను పనిచేసే చోట" అన్నాను. అనుకోకుండా నిజం చెప్పేశాను.

బ్యాంకు మేడ మీదే ఒక లాయరమ్మ బోర్డు ఉంది. చిన్న గది, రెండు కుర్చీలు, బల్ల మీద మా కార్ఖానా నోటుపుస్తకమే. అది చూసి ధైర్యం వచ్చి కూర్చున్నాను. అంతా విని ఆవిడ ఒక్కటే అడిగింది. "ఇది బహుమానమా, జీతమా? బహుమానమైతే చట్టం పట్టించుకోదు. ఇవ్వవలసిన బాకీ అయితేనే కేసు. జీతమని ఎక్కడైనా రాసుందా?" ఎక్కడుంటుంది, చెయ్యి వెయ్యడానికి జీతమని ఎవరు రాస్తారు అనుకుంటూ మెట్లు దిగాను. సగం మెట్ల మీద గుర్తొచ్చింది. ఏటా పన్ను కాగితాల వేళకి లెక్కల గుమాస్తాగారు ఒక పెద్ద పుస్తకం తెచ్చి, అరచెయ్యి అడ్డంపెట్టి, "ఇక్కడమ్మా, సంతకం చాలు, తేదీ మేం వేసుకుంటాం" అంటాడు. పొయ్యి మీద ఏదో ఉంటుంది, గీకేసి వెళ్ళిపోతాను.

ఆ మధ్యాహ్నం ముందుగది అలమార దులుపుతూ ఆ పుస్తకం తీశాను. నేను కుట్టిన పుస్తకమే అది, వెన్ను మీద కుట్లు చూస్తే తెలుస్తుంది. ఆ పుస్తకం కుట్టిన చేతులు నావి, అందులో నా గురించి ఏం రాశారో పదహారేళ్ళు తెరిచి చూడలేదు. జీతాల పుస్తకం. పనమ్మాయిల పేర్ల పైన అక్క పేరుంది, దాని కింద నా పేరుంది. పక్కన కుట్టు విభాగం పర్యవేక్షకురాలు అని రాసుంది. ఏడాది జీతం అని చెక్కు నంబరుతో సహా ఉంది. పన్ను తగ్గించుకోవడానికి రాసుకున్నారు మహానుభావులు. ఇంట్లో ఎవరూ ఒప్పుకోని సంగతి పన్నువాళ్ళకి మాత్రం ఏటా ఒప్పుకుంటున్నారు. పర్యవేక్షకురాలు. రెండుసార్లు పైకి చదువుకున్నాను. కళ్ళు తుడుచుకుని ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను.

లాయరమ్మ ఆ ఫొటో చూసి మొదటిసారి నవ్వింది. "ఇంక విను. నోటీసు ఇస్తాం. అది ఆయన చేతికి అందిన దగ్గర్నించి పదిహేను రోజులు గడువు. ఆలోపు మొత్తం కట్టేస్తే అసలు తప్పే జరగనట్టు, కేసు లేదు. సగం కడితే కట్టనట్టే. పదహారో రోజున మొత్తం కట్టినా డబ్బు తీరినట్టు కానీ తప్పు తీరినట్టు కాదు. కేసు వెయ్యడానికి నీకు ఇంకో నెల ఉంటుంది. కట్టాడు కదా అని కోర్టు దయ చూపించొచ్చు, శిక్ష తగ్గించొచ్చు. కానీ మామూలుగా రాజీ అనే మాట రావాలంటే అది నీ నోటి నుంచి రావాలి." నాకు ఆ చివరి మాటే చెవుల్లో నిలబడింది. మా ఇంట్లో ఏ విషయమైనా నా నోటి నుంచి వచ్చే మాట కోసం ఆగింది ఎప్పుడో గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఉప్పు సరిపోయిందా అన్నది తప్ప ఏదీ గుర్తు రాలేదు.

మంగళవారం పొద్దున్న పోస్టుమాన్ వచ్చినప్పుడు నేను ముందుగదిలోనే ఉన్నాను, పుస్తకాల కట్టలు దించుతూ. మావగారు అందినట్టు రసీదు అట్టముక్క మీద సంతకం చేసి, లాయరమ్మ పంపిన కవరు అటూ ఇటూ తిప్పి చూసి, సొరుగులో పడేశారు. నిద్రపోవడానికి. నేను షెడ్డులోకి వెళ్ళి జిగురు డబ్బా కింద బల్ల మీద చోటు చేసి పెట్టుకున్నాను. బుధవారం అక్కడ ఒక తెల్లకాగితం పెట్టాను. గురువారం రెండోది. రోజుకొకటి.

శుక్రవారం సొరుగు తెరుచుకుంది. వంటింట్లోకి మావగారి కేక వినిపించింది. వెళ్ళేసరికి ముగ్గురు మగవాళ్ళూ, లెక్కల గుమాస్తాగారూ ఉన్నారు. మా ఆయన మొహం పాలిపోయింది. "ఏంటే ఇది, నాన్న మీద నోటీసా?" అన్నాడు. "నాన్నగారి మీద కాదండీ, చెక్కు మీద" అన్నాను. బావగారు, "అది బహుమానం నాన్నా, బహుమానమని రాసిపారేద్దాం, ఇంక ఏ కోర్టుకెళ్తుందో చూద్దాం" అన్నారు. గుమాస్తాగారు దగ్గాడు. "బాబుగారూ, పదహారేళ్ళుగా జీతమని రాశాం. ఇప్పుడు బహుమానమంటే పన్నువాళ్ళు అలమారలన్నీ దులుపుతారు" అన్నాడు. మింగలేక కక్కలేక నిలబడ్డారు తండ్రీకొడుకులు. చివరికి మావగారు కుర్చీలో వెనక్కి వాలి, "పదిహేను రోజులు గడువిచ్చారుగా, కట్టేద్దాం. ఎప్పుడు కట్టాలో నాకు తెలుసు" అన్నారు.

ఆ రెండు వారాలూ ఇంట్లో నాతో గోడలే మాట్లాడాయి. మా ఆయన ఉప్పు కావాలన్నా అక్కనే అడిగేవాడు. ఆడపడుచు ఫోన్ చేసి, "గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చావు వదినా" అంది. గోటితోనే పదహారేళ్ళు గీకాను తల్లీ, గోరే అరిగింది అన్నాను. అక్క మాత్రం షెడ్డులో జిగురు కలుపుతూ, తలెత్తకుండా, "నీకేం, నువ్వు చదువుకున్నదానివి. నన్నిందులోకి లాగకు, నీ కాళ్ళు పట్టుకుంటాను" అంది. నోట్లో నాలుక లేని మనిషి, ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టం. లాగనక్కా అని మాటిచ్చాను.

రోజులు గడుస్తుంటే నాకు ఒక సంగతి అర్థమైంది. మావగారు క్యాలెండర్లో శనివారం చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టారు. శుక్రవారం నుంచి లెక్కేసుకున్నారన్నమాట. నోటీసులో "అందిన దగ్గర్నించి" అని స్పష్టంగా ఉంది. కానీ ఆయన ప్రపంచంలో తెరిచేదాకా ఏ కాగితమూ అందినట్టు కాదు. నా జిగురు డబ్బా కింది లెక్క ప్రకారం గడువు ఆ ముందు బుధవారంతోనే అయిపోతుంది. చెప్పాలా వద్దా అని రెండు రోజులు నాలో నేనే కొట్టుకున్నాను. ఊరుకుంటే కేసు నా చేతికొస్తుంది. కానీ దొంగదెబ్బ నాకు చేతకాదు, దొంగలెక్క అసలే చేతకాదు. సోమవారం భోజనాల దగ్గర, అందరూ ఉండగా, "మావయ్యగారూ, గడువు లెక్క ఒకసారి సరిచూసుకోండి" అన్నాను. ఆయన ముద్ద కలుపుతూ నా వైపు చూడకుండానే, "నాకు లెక్క నేర్పేంతదానివయ్యావా అమ్మాయ్? నీకు నేర్పిందెవరు?" అన్నారు. బావగారు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. సరే, నా ధర్మం నేను చేశాను అనుకుని మజ్జిగ వడ్డించాను.

మంగళవారం వెళ్ళింది. బుధవారం పదిహేనో కాగితం పెట్టాను. ఆ సాయంత్రం ఆరు దాకా ముందుగది వైపు చెవి వేసి కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, కట్టేస్తే బాగుండనే సగం మనసు కోరుకుంది. కట్టలేదు. గురువారం పదహారు, శుక్రవారం పదిహేడు.

శనివారం మధ్యాహ్నం నన్ను ముందుగదిలోకి పిలిచారు. మావగారు ఇస్త్రీ బట్టలు వేసుకున్నారు, చెక్కులిచ్చే రోజున వేసుకున్నట్టే. కాగితాల షావుకారుని కూడా కూర్చోబెట్టారు, సాక్ష్యానికి కాబోలు, లేదా చప్పట్లకి. బల్ల మీద నోట్ల కట్టలున్నాయి. "తీసుకో. గడువు ఆఖరి రోజు, పూర్తి సొమ్ము. నీ లాయరుకి ఇంక పనిలేదని చెప్పు" అని, పైసాతో సహా ముట్టిందని టైపు చేసిన రసీదు నా ముందుకి తోశారు. "ఇక్కడ సంతకం చెయ్యి, తేదీ మేం వేసుకుంటాం" అన్నాడు మా ఆయన, అలవాటుగా, పాపం.

డబ్బు లెక్కపెట్టుకున్నాను. సరిపోయింది. కలం తీసుకున్నాను. వేళ్ళకి పట్టు లేదు, కలాన్ని పిడికిలితో పట్టుకోవాల్సొచ్చింది. ముందు తేదీ రాశాను. పెద్ద పెద్ద అంకెల్లో, వంకరగా, ఎవరికైనా కనిపించేలా. తర్వాత సంతకం చేశాను. పదహారేళ్ళలో నా సంతకం పక్కన నేను వేసిన మొదటి తేదీ అది. తర్వాత "ఒక్క నిమిషం" అని షెడ్డులోకి వెళ్ళి, జిగురు డబ్బా కింద కాగితాలు తీసి, ఆ రోజుది ఒకటి కలిపి తెచ్చాను. మావగారి ముందు అంచు విప్పి, ఆయన నేర్పినట్టే, నాలుగేసి చొప్పున జారవిడిచాను. నాలుగు, ఎనిమిది, పన్నెండు, పదహారు. చివర రెండు.

"పద్దెనిమిది, మావయ్యగారూ. కవరు మీ చేతికి అందింది మంగళవారం. పోస్టాఫీసు వాళ్ళ దగ్గర మీ సంతకం ఉంది. గడువు మొన్న బుధవారంతో అయిపోయింది."

షావుకారు మెల్లగా అన్నాడు, "పదహారో రోజున కట్టేవాణ్ణి ఏదో అనేవారు కదండీ తమరు." మావగారి చెంపలు ఎర్రబడ్డాయి. "కట్టేశానుగా," అన్నారు, "సొమ్ము ముట్టిందిగా, ఇంకేం కేసు?" లాయరమ్మ మాటలే చెప్పాను. సొమ్ము తీరింది, తప్పు తీరలేదు. కేసు వేసుకోవడానికి నాకు ఇంకా రోజులున్నాయి. నేను గదిలోకి వెళ్తే మా ఆయన వెనకే వచ్చాడు. "ఆయనకి డెబ్బై నాలుగేళ్ళు. కోర్టు మెట్లెక్కిస్తావా?" అన్నాడు. ఆ గొంతు నాతో అలా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. నన్ను బతిమాలుతున్నాడు. నాకు గెలిచినట్టు అనిపించాలి కదా, అనిపించలేదు, ఏడుపొచ్చింది. నా చెయ్యి చచ్చుబడుతోందని చెప్పినప్పుడు ఇందులో సగం గొంతు పెట్టి వాళ్ళ నాన్నని అడిగుంటే సరిపోయేది. ఆ మాటే అన్నాను. తలొంచుకున్నాడు. "ఎక్కించను," అన్నాను. "కానీ ఎక్కకుండా ఆపగలిగేది నేనే. ఆ సంగతి అందరూ ఒకసారి ఒప్పుకోవాలి."

సోమవారం లాయరమ్మ రాజీ కాగితం రాసింది, నేను చెప్పింది చెప్పినట్టు. ఈ చెక్కు ఈవిడ మా కార్ఖానాలో ఏడాది పొడుగునా చేసిన పనికి ఇవ్వవలసిన జీతం, బహుమానం కాదు. గడువు దాటాక చెల్లించాము. ఇకమీదట నెలనెలా ఈవిడ ఖాతాలో వేస్తాము. ఈ మాటల మీద ఈవిడ కేసు వెయ్యకుండా మానుకుంటోంది. మావగారు దాన్ని రెండుసార్లు చదివి సొరుగు వైపు చెయ్యి చాచారు. "దీన్ని నిద్రపుచ్చకండి మావయ్యగారూ" అన్నాను. చెయ్యి ఆగింది. పైకి చదవమన్నాను, ఆ గోడ ముందే, కొడుకులూ గుమాస్తాగారూ పనమ్మాయిలూ వింటూ ఉండగా. చదివారు. జీతం అన్న దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకుని, మిగతాది కూడా చదివారు. ఆయన్ని మెచ్చుకోవాలి. ఆ ఫొటోలు తీసేయమంటావా అని బావగారు వెటకారంగా అడిగారు. "ఉండనివ్వండి, అవన్నీ సాక్ష్యాలే" అన్నాను.

ఆ మరుసటి వారం ఆపరేషన్ చేయించుకున్నాను. ఆస్పత్రి కాగితం మీద వృత్తి అన్నచోట నర్సు గృహిణి అని రాయబోతే ఆపి, కుట్టు విభాగం పర్యవేక్షకురాలు అని రాయించాను. ఆ అమ్మాయి కాస్త చోటు సరిపోలేదంది. చిన్నక్షరాల్లో రాయమన్నాను. రెండో రోజుకి కట్టులోంచి బయటికున్న వేళ్ళకి దుప్పటి గరుకు తెలిసింది. చాలాసేపు దాన్నే తడుముతూ పడుకున్నాను.

ఇంటికొచ్చిన వారానికి, ఒక పొద్దున్న, మగవాళ్ళు ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. నేను ఎడమచేత్తో కాగితాలు లెక్కపెట్టడం అలవాటు చేసుకుంటున్నాను. అక్క టీలు తెచ్చింది. మావగారి ముందు కప్పు పెట్టి, దాని పక్కన మడత విప్పిన కాగితం ఒకటి పెట్టింది. ఆవిడ చెక్కు. నాకిచ్చిన రోజునే ఆవిడకీ ఇచ్చారు.

"మావయ్యగారూ," అంది, నేలచూపులు చూస్తూనే, "దీన్ని రేపు పొద్దున్న బ్యాంకులో వేస్తున్నాను. ముందే చెబుతున్నాను, ఖాతాలో డబ్బులుంచండి."

బావగారి గొంతులో టీ అడ్డం పడింది. "నీకేమొచ్చిందే? నీ చెయ్యి బానే ఉందిగా, నీకేం ఆపరేషన్ అక్కర్లేదుగా" అన్నారు.

అక్క అప్పుడు తలెత్తింది. "చెయ్యి పాడైతేనే జీతమాండీ?" అంది.

నా బొటనవేలు కాగితాల మీద ఆగిపోయింది. ఆ మాట నేను అనాల్సింది. ఇన్ని రోజుల్లో నాకు తట్టలేదు. మావగారు చెక్కు వైపు చూశారు, గోడ వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. "దీనికి ఇంకా ఎన్ని రోజులుందమ్మాయ్?" అని అడిగారు. లెక్క నన్ను అడగడం అదే మొదలు.

"చెక్కుకి ఇరవై రోజులుంది మావయ్యగారూ. మీకు రేపు పొద్దున్నదాకా."

ఆయన టీ సగంలో వదిలేసి లేచారు. చెప్పులేసుకుంటూ, బ్యాంకు ఎన్నింటికి తెరుస్తారని మా ఆయన్ని అడిగారు. మా మావగారు ఆఖరి రోజు దాకా ఆగకుండా కట్టిన బాకీ, నాకు తెలిసి, అదొక్కటే.